మా వీధికి రెండు కార్తీకాలు

"మీ చిన్నప్పటి రోజుల్లోంచి ఒక్క మామూలు రోజు తిరిగి ఇస్తామంటే ఏది అడుగుతారు?" అని కదా మీ ప్రశ్న. పండగలూ పెళ్ళిళ్ళూ వద్దు, మామూలు రోజే చెప్పమన్నారు. అయితే నాకు పెద్దగా ఆలోచించే పని లేదు. కార్తీకంలో ఏదో ఒక సోమవారం, సాయంత్రం ఐదున్నర, పర్లాకిమిడిలో మా పెరడు.

ఊరు తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పర్లాకిమిడి ఒడిశాలో గజపతి జిల్లాకి కేంద్రం. పక్కనే ఉన్న పాతపట్నం మాత్రం ఆంధ్రా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్ళింది, ఊరితోపాటు మేమూను. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ కలిపి కొట్టేయడం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి వాడుక మాటల్లోనే రాస్తున్నా, తప్పులుంటే ఆయన చూసుకుంటారు.

ఆ ఐదున్నరకి మా పిల్లలందరిదీ ఒకటే డ్యూటీ: చుక్కని కనిపెట్టడం. నానమ్మకి సోమవారాలు ఉపవాసం. చుక్క కనబడితే గానీ ముద్ద ముట్టదు. ఆవిడ తులసికోట దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుని, కాస్త విభూతి వేళ్ళకి రాసుకుని, దూదిని పిక్కమీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోసేది. వత్తి తయారు. పున్నమి నాటికి మూడువందల అరవై అయిదు కావాలి, ఏడాదికి రోజుకొకటి లెక్క. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పేది. తప్పితే విసుక్కోకుండా మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేది. నాకిప్పుడు ఆఫీసులో లెక్క ఒకసారి తప్పితే బీపీ లేస్తోంది.

"చుక్క వచ్చిందిరా?"

"వచ్చింది నానమ్మా, అదిగో!" ఆకలికి ఆగలేక మేం కొబ్బరాకుల మధ్య మెరిసిన దేన్నైనా చుక్కే అనేవాళ్ళం. ఆవిడ తల కూడా ఎత్తేది కాదు. "అది మీ నాన్న బడిలో ఉన్నప్పట్నుంచీ ఉంది, వీధి లైటు. ఇంకోటి చూడు."

ఇంట్లో గోడ గడియారం ఉండేది కానీ దాని మాట ఎవరూ వినేవాళ్ళు కాదు. నౌపడ నుంచి గుణుపూర్ పోయే చిన్నరైలు కూస్తే దీపం పెట్టే వేళయిందని గుర్తు. 1900లో పర్లాకిమిడి దాకా వేసిన నేరోగేజి అది. ఎంత నిదానమంటే పరిగెత్తి ఎక్కేవాళ్ళని చాలామందిని చూశాను. 2004లో పెద్ద లైను వేస్తామని ఆపేశారు. ఇప్పుడు పెద్ద రైలు వస్తోంది. మంచిదే, కాదనను.

అసలు చెప్పాల్సింది గోడ అవతలి ఇంటి గురించి. అక్కడ ఒడియా వాళ్ళు ఉండేవారు. ఆవిడని మేం మావుసి అనేవాళ్ళం, అంటే పిన్ని. వాళ్ళకి నెల పున్నమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. దానివల్ల వాళ్ళ కార్తీకం దసరా వెళ్ళాక వచ్చే పున్నమి మర్నాడే మొదలైపోతుంది. మనది దీపావళి వెళ్ళాక గానీ రాదు. కార్తీక పున్నమికి వాళ్ళది పూర్తి, మనది సగం. ఆ రకంగా మా గోడకి రెండు వైపులా కలిపి నెలన్నర కార్తీకం.

మావుసి హబిస ఉండేది, అంటే వాళ్ళ కార్తీక వ్రతం. ఒక పూటే భోజనం, పసుపు కూడా వెయ్యని పప్పులో అరటికాయ, చేమదుంప, పైన నెయ్యి. తులసికోట చుట్టూ మురుజ వేసేది. మన ముగ్గే, కాకపోతే రంగుల పొడులతో. నల్లరంగు కోసం కొబ్బరి చిప్పలు కాల్చి నూరేది, ఆ చిప్పలు మా ఇంటివే. మన కార్తీకం ఇంకా రాకపోయినా, ఆవిడ వ్రతంలో ఉందని ఆ పదిహేను రోజులూ అమ్మ చేపలు వేయించేది కాదు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పుకోలేదు.

పున్నమి తెల్లవారుజామున మావుసి పిల్లలతో మేమూ మహేంద్రతనయ ఏటికి పోయేవాళ్ళం. అరటి దొప్పతో చేసిన పడవ, అందులో తమలపాకు, వక్క, ఒక దీపం. 'ఆ కా మా బై' అని పాడుతూ నీళ్ళలో వదలాలి. పూర్వం ఓడలెక్కి జావా, బాలి దీవులకి పోయిన వర్తకుల కోసమని మావుసి చెప్పేది. ఆ చలి గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు కటకటలాడతాయి.

ఆ మర్నాడే మాకు నరకం. వాళ్ళకి ఆ రోజు ఛాడఖాయి. నెలరోజుల పత్యం వదిలి నీసు తినే రోజు. వీధి వీధంతా మసాలా వాసన. మాకింకా పదిహేను రోజులుంది! మావుసి మొహమాటపడి పొయ్యి తీసుకెళ్ళి వాళ్ళ ఇంటి ఆ చివర పెట్టుకునేది, అయినా గాలి మా వైపే తిరిగేది. "వాసనకి వ్రతం చెడదులేమ్మా, నీ పొయ్యి నీ చోట పెట్టుకో" అని నానమ్మ గోడ మీంచి కేకేసేది.

ఏడో తరగతిలో నేను తట్టుకోలేకపోయాను. వాళ్ళ చిన్నోడితో కలిసి వెనక గుమ్మంలో కూర్చుని రెండు చేప ముక్కలు లాగించేశాను. ఇంటికొచ్చి నోరు మూసుకునే తిరిగాను. సాయంత్రం నానమ్మ వత్తులు చేసుకుంటూ నా వైపు చూసింది. "మూతి కడుక్కుని రా, చుక్క చూద్దువుగాని" అంది. అంతే. నాన్నకి చెప్పలేదు, ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు మాత్రం నేను నిజం చుక్క వచ్చేదాకా ఒక్క దొంగ చుక్క కూడా చూపించలేదు.

కార్తీక అమావాస్య వెళ్ళిన మర్నాడు పోలి పాడ్యమి. ఈసారి మా వెనక మావుసి వచ్చేది. కవ్వానికి అంటుకున్న వెన్నతో దీపం పెట్టుకున్న ఆఖరి కోడలు పోలి కథ నానమ్మ చెప్పేది. మావుసికి సగమే అర్థమయ్యేది, అయినా ఏటా మొదటిసారి విన్నట్టు "ఆ తర్వాత?" అనేది.

ఇదంతా అమ్మకి ఫోన్లో చదివి వినిపిస్తే, "మీకు ముచ్చట, మాకు చాకిరీ" అంది. తెల్లారి మూడింటికి నూతి నీళ్ళు తోడిందీ, తను ఉపవాసం ఉండి మా అందరికీ వండిందీ ఆవిడే కాబట్టి ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నేనడిగేది ఆ రోజునే, ఆ నూతిని కాదు. రెండూ విడివిడిగా ఇవ్వరేమో.

ఇప్పుడు ఉండేది వైజాగ్‌లో అయిదో అంతస్తు. పోలి దీపాలు ప్లాస్టిక్ టబ్బులో వదులుతాం, మా అమ్మాయి ఫ్యాన్ ఆపుతుంది. నేను వ్రతం వదిలేసి చాలా ఏళ్ళయింది, ఆ సంగతి మావుసికి చెప్పలేదు. ఏటా ఛాడఖాయి నాడు ఫోన్ చేస్తుంది. "మాది అయిపోయిందిరా, మీది ఇంకా ఉంది కదా" అంటుంది. ఈవేళ ఏం వండావు మావుసీ అంటే ఒక్క క్షణం ఆగి, "బంగాళాదుంప కూర" అంటుంది. వెనకాల బాండీలో చేప వేగుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంటుంది.