కిర్గిజ్‌స్తాన్ వెళ్తున్న చిట్టికి

చిట్టికి, పెద్దమ్మ ఆశీస్సులు.

జులైలో ఒక్కదానివే కిర్గిజ్‌స్తాన్ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చెప్పిందనడం కంటే ఏడ్చిందనడం మేలు. 2024 మేలో ఆ దేశ రాజధాని బిష్కెక్‌లో విదేశీ విద్యార్థుల హాస్టళ్ళ మీద అల్లరి మూకలు పడ్డప్పుడు, అక్కడ ఎంబీబీఎస్ చదివే మన పిల్లల తల్లిదండ్రులు ఎలా హడలిపోయారో గుర్తుందిగా. ఆ దేశం పేరెత్తితే మీ అమ్మకి ఇప్పటికీ అదే కళ్ళ ముందు కనిపిస్తుంది. నేను మాత్రం వెళ్ళమనే అంటాను. ఎక్కడికెళ్ళినా ముందు ఆ ఇంటి ఆడవాళ్ళని పట్టుకో, అక్కడ సగం భయం తీరిపోతుంది.

బిష్కెక్‌లో దిగాక సిమ్ కార్డు తీసుకో, అక్కడి డబ్బు సోమ్‌లు కావలసినన్ని చేతిలో పెట్టుకో. కొండల్లోకి వెళ్ళాక ఏటీఎంలు ఉండవు. ఎయిర్‌పోర్టులో వెంటపడే టాక్సీవాళ్ళని పట్టించుకోకుండా యాప్‌లోనే కారు బుక్ చేసుకో. ఊరూరికీ మార్ష్రుట్కాలు తిరుగుతాయి, మన షేర్ ఆటోకి అన్నలాంటి వ్యాన్లు, నిండితేగానీ కదలవు. షేర్ కారు ఎక్కాల్సి వస్తే లోపల అప్పటికే ఆడవాళ్ళు కూర్చున్నదే ఎక్కు. చీకటి పడ్డాక ప్రయాణం వద్దు. అక్కడి ఘాట్ రోడ్లు, డ్రైవర్ల స్పీడు తలుచుకుంటే నాకు మనుషుల కంటే వాటి మీదే ఎక్కువ భయం.

బస సంగతి. కోచ్కోర్, కరకోల్, అర్‌స్లాన్‌బాబ్ లాంటి చోట్ల సీబీటీ అని ఊరివాళ్ళే నడిపే ఆఫీసులు ఉన్నాయి. ఇల్లు, గుర్రం, గైడు అన్నీ వాళ్ళే చూస్తారు, రేట్లు కూడా ముందే తెలుస్తాయి. రోడ్డు మీద ఎవరో పిలిచారని వెళ్ళడం కంటే ఇది నయం. ఇంట్లో అడుగు పెట్టగానే ఇల్లాలు ఎవరో చూసుకో. నీకంటే పెద్దదైతే 'ఎజే' అని పిలువు, ముసలావిడైతే 'అపా' అను. బల్ల మీద రొట్టె తుంచి ముక్కలుగా పరుస్తుంది, పక్కన మీగడ, జామ్. టీ గిన్నెలో సగమే పోసి ఇస్తే పిసినారితనం అనుకోకు, మళ్ళీ మళ్ళీ పోయడమే అక్కడి మర్యాద. రొట్టెను మాత్రం బోర్లించి పెట్టకు, వాళ్ళకి నచ్చదు. రేపు ఏ దారిన వెళ్తున్నావో, ఎప్పటికి తిరిగొస్తావో పడుకునే ముందు ఆవిడకి చెప్పు. రష్యన్ రాకపోతే ఫోన్‌లో అనువాదం ముందే డౌన్‌లోడ్ చేసుకుని చూపించు.

తిండి దగ్గర కొంచెం జాగ్రత్త. బెష్‌బర్మాక్ అనే వాళ్ళ మాంసం వంటకంలో గుర్రం మాంసం ఉండొచ్చు. కుమీస్ అని పులిసిన గుర్రప్పాలు ఇస్తారు. మర్యాదకి ఒక గుక్క చాలు, మొదటి రోజే గ్లాసుడు తాగితే కడుపు ఊరుకోదు. కరివేపాకు పొడి, కందిపొడి నేనే చేసి పంపిస్తాను.

మీ అమ్మ అడగలేక నాతో అడిగించిన మాట ఇంకొకటి ఉంది. పిల్లని ఎత్తుకెళ్ళి పెళ్ళి చేసుకునే దురాచారం అక్కడ ఉన్న మాట నిజం. 2013లో శిక్షలు పెంచినా ఆగలేదు. అలా ఎత్తుకెళ్ళిన ఒక అమ్మాయి చనిపోతే 2021లో బిష్కెక్‌లో జనం రోడ్డెక్కారు. బలయ్యేది ఎక్కువగా అక్కడి ఆడపిల్లలే. నీకు ఎదురయ్యేది మహా అయితే పెళ్ళయిందా అన్న ప్రశ్న. అయింది, మావారు కరకోల్‌లో కలుస్తారు అని చెప్పెయ్, మొహమాటపడకు. సాయంత్రం వోడ్కా సీసా తెరిచిన గుంపు కనిపిస్తే ఎంత నవ్వుతూ పిలిచినా ఆగకు. టెంటు వేసుకుని ఒంటరిగా పడుకుంటానంటే మాత్రం నేను ఒప్పుకోను.

ఇక ఎత్తు సంగతి. బిష్కెక్ సుమారు 800 మీటర్లు, సోన్-కుల్ సరస్సు 3,016. దిగిన మర్నాడే పైకి పరుగెత్తకు. కోచ్కోర్‌లో ఒక రాత్రి పడుకుని వెళ్ళు. తలనొప్పితో పాటు వాంతులు మొదలైతే తెల్లారేదాకా చూద్దామనుకోకుండా కిందికి దిగిపో. సరస్సు దగ్గర జులైలో కూడా రాత్రి చలి ఎముకలు కొరుకుతుంది. యూర్త్‌లో, అంటే కాపరులు వేసుకునే గుండ్రటి గుడారంలో, పేడ పిడకల పొయ్యి వేస్తారు గానీ అర్ధరాత్రికి ఆరిపోతుంది. టాయిలెట్ దూరంగా, గుంట మీద చెక్కలు వేసి ఉంటుంది. మధ్యలో గొర్రెల కాపరి కుక్కలు. తలకి కట్టుకునే లైటు దిండు కిందే ఉంచుకో. కుక్కలు మీదికొస్తే పరుగెత్తకు, రాయి తీస్తున్నట్టు వంగు, మన ఊరి కుక్కల్లాగే వెనక్కి తగ్గుతాయి. అప్పటికీ మొరిగితే ఎజేని లేపు, ఏమీ అనుకోదు. ప్యాడ్లు ఇక్కడి నుంచే సరిపడా పట్టుకెళ్ళు. వాడినవి కవర్లో కట్టి టౌన్‌కి తెచ్చి పారెయ్.

ఎవరో శాటిలైట్ మెసేజ్ పరికరం కొనుక్కోమన్నారట. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటివి దగ్గర పెట్టుకుంటే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. దాని బదులు ఎత్తైన చోట్ల ట్రెక్కింగ్‌కీ, హెలికాప్టర్‌కీ వర్తించే ఇన్సూరెన్స్ తీసుకో. పోలీసులకి 102, అంబులెన్స్‌కి 103. బిష్కెక్‌లోని మన ఎంబసీ నంబరు ఫోన్‌లోనే కాకుండా కాగితం మీద కూడా రాసి పెట్టుకో.

సోన్-కుల్ దగ్గర సిగ్నల్ దొరకదు. ఏ రోజు పైకి వెళ్తున్నావో, ఏ రోజు కోచ్కోర్ దిగి ఫోన్ చేస్తావో తేదీలతో సహా మీ అమ్మకి ముందే చెప్పు. చెప్పిన రోజు దాటితే ఎవరికి ఫోన్ చేయాలో, సీబీటీ నంబరుతో సహా, నాకు పంపు. ఈలోపు ఆవిణ్ణి నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ