గణితానికీ జీవరసాయనానికీ ఒకే కొలత పనికిరాదు

ప్రశ్న: గణితంలో పరిశోధన చేస్తున్న మా అమ్మాయి హెచ్-ఇండెక్స్ 6, జీవరసాయన శాస్త్రంలో ఉన్న ఆమె స్నేహితురాలిది 19. మా అమ్మాయి వెనుకబడినట్లేనా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: కాదండీ, దిగులు పడకండి. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించిన ఈ సూచిక 6 అంటే, ఒక్కొక్కదానికి కనీసం 6 ఉల్లేఖనలు (ఇతరుల పత్రాల్లో ప్రస్తావనలు) వచ్చిన పరిశోధన పత్రాలు 6 ఉన్నాయని అర్థం. గణిత పత్రాన్ని సాధారణంగా ఒకరిద్దరే రాస్తారు, అది ఇతరుల పత్రాల్లో ప్రస్తావనకు రావడానికి ఏళ్లు పడుతుంది. జీవరసాయనంలోనైతే పెద్ద బృందాలు పనిచేస్తాయి, పైగా ఒక ప్రయోగ పద్ధతిని వాడుకున్న వారంతా దాని మూలపత్రాన్ని ఉదహరిస్తారు. ప్రోటీన్‌ను కొలిచే పద్ధతిపై లౌరీ బృందం 1951లో ప్రచురించిన ఒక్క పత్రానికే 3 లక్షలకు పైగా ఉల్లేఖనలు రావడానికి కారణం ఇదే. జీవశాస్త్రాల్లో ఈ అంకె ఎక్కువగా ఉంటుందని హిర్ష్ కూడా అప్పుడే రాశారు. కనుక మీ అమ్మాయిని అంతే అనుభవమున్న గణితజ్ఞులతోనే పోల్చండి. అంతకన్నా ముందు, ఆ ఆరు పత్రాల్లో ఏముందో ఆమెనే అడిగి తెలుసుకోండి.