పద్యం చెప్పాలంటే పిల్లలకు రాగం రావాలా?

రానక్కర్లేదు, పద్యం నడక ఛందస్సులోనే ఉంది. లఘువు (పొట్టిగా పలికే అక్షరం) పలకడానికి పట్టే కాలానికి గురువుకు (పొడుగ్గా పలికే అక్షరానికి) రెట్టింపు పడుతుంది. ఆ తేడా సరిగ్గా పలికితే చాలు, మామూలుగా చదివినా పద్యం పద్యంలాగే వినిపిస్తుంది.

వేమన ‘ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు’ తీసుకోండి. ఇది ఆటవెలది అనే రకం పద్యం. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణం అంటే గురులఘువుల గుంపు): ఉప్పు, కప్పు, రంబు, నొక్కపో, లికనుండు. మొదటి మూడింటికీ పిల్లలతో చప్పట్లు కొట్టించండి, లయ ఇట్టే పట్టుకుంటారు. ‘నొక్క’ దగ్గర యతి, అంటే పాదం మొదటి అక్షరంతో ధ్వని కలిసే చోటు, దాని ముందు కాస్త ఆగాలి. అర్థం చెప్పేటప్పుడు మాత్రం అది ‘ఒక్క’ అని విడదీసి చూపాలి, లేకపోతే నొక్కడం అనుకుంటారు.

గుంటూరు, విజయవాడ వైపు పౌరాణిక నాటకాల పద్యాలు విని పెరిగినవాళ్లు చాలామంది. అందుకే హార్మోనియం, సాగదీసిన ఆలాపన ఉంటేనే పద్యమన్న అపోహ ఉంది. అది రంగస్థలం పద్ధతి, గొప్పదే, కానీ బడికి అక్కర్లేదు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి పద్యాల పోటీ పెడితే గొంతు బాగాలేదని ఎవరినీ వెనక్కి పంపకండి. ఉచ్చారణ, విరుపు చూసి మార్కులు వేయండి.