మేడ మీద కోళ్ళు ఒకదాని ఈకలు ఒకటి పీకుతుంటే ముక్కు కత్తిరించాలా?

బెంగళూరు రామమూర్తినగర్‌లో మేడ మీద ఆరు పెట్టలను పెంచుతున్నామనీ, రెండింటికి వీపు మీదా తోక మొదట్లోనూ బోడి అయిపోయిందనీ, పొడిచేదానికి ముక్కు కత్తిరించమని ఎవరో చెప్పారనీ రాశారు. దయచేసి ముక్కు జోలికి వెళ్ళకండి. ముక్కు కొనలో నరాలుంటాయి, కోస్తే నొప్పి. ఆపైన గింజ ఏరుకోవడమూ కష్టమవుతుంది. పీకాలన్న కోరిక మాత్రం ఎక్కడికీ పోదు. హొరమావులో మా మేడ మీద కూడా ఈ గొడవ నడిచింది కాబట్టి మాకు పనిచేసినవే చెబుతాను.

ముందు అది ఏ రకం పొడుపో తేల్చుకోండి. తల మీద ఒక్క పోటు పొడిచి వదిలేస్తే అది పెద్దరికం కోసం జరిగేది. ఏ మందలోనైనా ఉంటుంది, కొత్త కోడి వచ్చినప్పుడు ఇంకాస్త ఎక్కువ. పుంజు ఉన్నచోట అది తొక్కడం వల్ల పెట్టల మెడ వెనకా నడుము మీదా ఈకలు ఊడతాయి. ఏడాది దాటిన పెట్ట తల, మెడల నుంచి మొదలుపెట్టి ఒళ్ళంతా ఈకలు రాల్చి గుడ్లు ఆపేస్తే అదీ సహజమే. మీరు రాసిన తీరు వేరు. వెనక నుంచి మెల్లగా వచ్చి, తోక మొదట్లో ఈక పీకి, దాన్ని మింగేస్తున్నాయి. అందులో కోపమేమీ లేదండీ. రోజంతా నేల గీరుతూ ఏరుకు తినే జీవికి సిమెంటు తప్ప ఏమీ దొరకనప్పుడు పక్కదాని వీపు మీది ఈకలనే ఏరుకుంటుంది.

అందుకే నేలతో మొదలుపెట్టండి. మేము బెత్తెడు మందాన ఎండుటాకులు, వరి ఊక పోశాం. హొసకోటె వైపు వెళ్ళే పని ఉంటే రాగి గడ్డి తెచ్చుకోండి, అది ఇంకా మంచిది. గింజలను గిన్నెలో పోయకుండా ఆ చెత్తలో చల్లితే సాయంత్రం దాకా కాళ్ళతో చెదరగొడుతూనే ఉంటాయి. తోటకూర కట్టను వాటి తలకంటే కాస్త ఎత్తులో తాడుతో వేలాడదీయండి. చలికాలంలో అనపకాయలు (చిక్కుడు జాతివి) ఒలిచాక తొక్కలు పారేయకండి. వాటిలోని పురుగుల మీద మా పెట్టలు చూపించే శ్రద్ధ, ఆ గింజలతో చేసిన ఉప్మా మీద మా పిల్లలు ఎన్నడూ చూపించలేదు. వాన నీళ్ళు పోయే గొట్టానికి మాత్రం జాలీ కట్టండి, లేకపోతే ఊకంతా అందులోకి పోయి కింది వాటా వాళ్ళతో మాట పడాల్సి వస్తుంది. తడిసిన చెత్తను వెంటనే మార్చేయాలి.

ఇక దాణా. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తే. గుడ్లు పెట్టే పెట్టల దాణాలో అవి 16 నుంచి 18 శాతం ఉండాలి. నూకల్లో ఉండేది సుమారు 7 శాతం, వండిన అన్నంలో ఇంకా తక్కువ. మంచి దాణా కొని, పైన మిగిలిన అన్నమూ ఇడ్లీలూ కడుపు నిండా పెడితే ఆ ఖర్చంతా దండగే. మెథియోనిన్ అనే పోషకం తగ్గితే ఈకల మీద ఆశ పెరుగుతుంది. సోయాలో అది తక్కువ, నువ్వుల చెక్కలోనూ చేపల్లోనూ బాగా ఉంటుంది. ఉప్పు వేయని ఎండుచేపలు దంచి కాసిని కలపండి. మా అత్తగారికి కోళ్ళకు అన్నం పెట్టకపోతే మనసొప్పదు. సాయంత్రం, దాణా తిన్నాక, ఒక్క గుప్పెడు అని చివరికి రాజీ కుదిరింది.

చోటు సంగతికొస్తే, గూట్లో ఒక్కో పెట్టకు 4 చదరపు అడుగులు, బయట 8 నుంచి 10 ఉండాలి. గిరిరాజ లాంటి భారీ కోళ్ళయితే ఇంకాస్త ఇవ్వండి. మధ్యాహ్నపు ఎండ తగలకుండా పచ్చ నెట్ కట్టండి, రాత్రి ట్యూబులైటు వెలగనివ్వకండి. గుడ్లు పెట్టే పెట్టె చీకటిగా ఉండటం అన్నిటికంటే ముఖ్యం. గుడ్డు పెట్టేటప్పుడు కాసేపు బయటికి కనిపించే ఎర్రటి భాగాన్ని మిగతావి పొడిచాయంటే ప్రాణం మీదికే వస్తుంది.

చీకటి పడ్డాక టార్చి వేసి రెక్కల కిందా మలద్వారం చుట్టూ పేలున్నాయేమో చూడండి. కొన్ని రకాల పురుగులు పగలంతా గూటి కర్రల సందుల్లో దాక్కుని రాత్రే బయటికొస్తాయి, ఆ సందులూ వెతకాలి. ఇసుకలో బూడిద కలిపి ఒక తొట్టిలో పోస్తే కోళ్ళు వాటంతట అవే పొర్లాడతాయి. బూడిద మేము వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర తెచ్చుకుంటాం. బాగా చల్లారాకే వాడండి.

రక్తం కనిపిస్తే మాత్రం ఇవన్నీ తర్వాత. ఆ కోడిని వెంటనే వేరు చేసి, గాయం కడిగి, పసుపు, వేపనూనె కలిపి రాయండి. లోతుగా ఉంటే హెబ్బాళ పశువైద్య కళాశాలకు తీసుకెళ్ళండి. జాలీ అడ్డంపెట్టి మిగతావాటికి కనిపించేలా ఉంచితే, తిరిగి కలిపినప్పుడు కొత్తదానిలా చూడవు. పీకే పెట్టను కూడా కొన్నాళ్ళు విడిగా పెట్టాలి, తిరిగొచ్చేసరికి దాని పెత్తనం కాస్త తగ్గుతుంది. ఏది పీకుతోందో తెలియకపోతే, మందలో ఒక్క ఈకైనా చెదరకుండా నిగనిగలాడేదాన్ని ముందు అనుమానించండి. మా ఇంట్లో అది అందరూ ముద్దుచేసే స్వర్ణధార జాతి పెట్టే అని తేలింది.

ఈక మొదలంటా ఊడిన చోట కొన్ని వారాల్లో కొత్తది మొలుస్తుంది. విరిగి మొదలు మిగిలిపోయినవి మాత్రం మళ్ళీ ఈకలు రాల్చే కాలం దాకా అలాగే ఉంటాయి. మొలుస్తున్న ఈకలో రక్తం ఉంటుంది, పీకే అలవాటున్న కోడి దాన్ని చూసి ఆగలేదు. కాబట్టి బోడి వీపులు కప్పుకునేదాకా ఆ రెండింటినీ దానికి అందనివ్వకండి.