పాత కంప్యూటర్ బోర్డులను వేరు చేయడం ఎలా?

ప్రశ్న: పదిహేనేళ్ళు నడిపిన ఇంటర్నెట్ సెంటరును ఈమధ్యే మూసివేశాను. పాత మదర్‌బోర్డులు, ర్యామ్‌లు, కార్డులు, ఎస్‌ఎంపీఎస్‌లు (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెలు) కలిపి మూడు గోనె సంచులు మిగిలాయి. పాత సామాన్ల వ్యాపారి అన్నింటికీ కిలోకు ఒకటే ధర చెబుతున్నాడు. వేరు చేసి అమ్మితే లాభముంటుందా? యాసిడ్‌తో ఇంట్లోనే బంగారం తీయవచ్చంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: తప్పకుండా వేరు చేయండి. అన్నీ కలిపి కాటా మీద పెడితే మంచి సరుకుకు కూడా నాసిరకం ధరే పలుకుతుంది.

ముందుగా బోర్డు దేనితో తయారైందో చూడండి. ఎస్‌ఎంపీఎస్‌లలోనూ, పాత డబ్బా మానిటర్లలోనూ ఉండే బోర్డులు ఎక్కువగా కాగితాన్ని రెజిన్‌తో అతికించి చేసినవి. ఒక పక్కనే రాగి గీతలుంటాయి, పైన బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు, లావుపాటి కెపాసిటర్లు ఉంటాయి. ఇవి అడుగు రకం. మదర్‌బోర్డులు గాజునారతో చేసినవి. రంగును మాత్రమే నమ్మకండి, ఎందుకంటే ఆకుపచ్చ, నీలం, ఎరుపు అన్నవి పైపూత రంగులే, గోధుమ రంగు మదర్‌బోర్డులూ ఉన్నాయి. విరిగిన అంచును వెలుతురులో పెట్టి చూస్తే కాగితం బోర్డు అట్టముక్కలా పెళుసుగా విరిగి ఉంటుంది, గాజునార బోర్డు అంచున సన్నని తెల్లటి పోగులు కనిపిస్తాయి.

మీ సంచుల్లో ఎక్కువ ధర వచ్చేవి ర్యామ్‌లు, ప్రాసెసర్లు. ర్యామ్ అంచున వరుసగా ఉండే పసుపు పలకలు బంగారు పూత వేసినవి. 72 పిన్నుల పాత ర్యామ్‌లలో కొన్నింటికి తగరం పూత ఉంటుంది, అవి తెల్లగా కనిపిస్తాయి కనుక పక్కన పెట్టండి. ఆ పసుపు అంచును కత్తిరించి విడిగా అమ్ముదామని మాత్రం అనుకోకండి, అంచు పోయిన కార్డును కొనేవారు తక్కువ రకంలో వేస్తారు. ప్రాసెసర్లలో 486, పెంటియమ్ ప్రో వంటి పింగాణీ రకానివి చేతికి బరువుగా తగులుతాయి, వాటికి విలువ ఎక్కువ. ఆకుపచ్చ ఫైబర్ మీద కట్టినవాటిని వేరే పొట్లంలో కట్టండి. మదర్‌బోర్డుల నుంచి అల్యూమినియం హీట్ సింకు (వేడిని లాగేసే దిమ్మ), ఫ్యాను, ఇనుప పట్టీ, నాణెమంత బ్యాటరీ తీసివేయండి. అల్యూమినియాన్ని విడిగా అమ్మవచ్చు. బ్యాటరీలను మాత్రం బోర్డులతో కలపకూడదు, నలిగితే నిప్పు అంటుకోవచ్చు.

ఇక బంగారం మాట. మంచి రకం కంప్యూటర్ బోర్డులలో టన్నుకు సుమారు 200 గ్రాముల బంగారం ఉంటుందని సాధారణంగా లెక్క వేస్తారు. అంటే కిలోకు 0.2 గ్రాము. దాని కోసం నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు కలిపి కాచితే వచ్చే ఎర్రటి పొగ ఊపిరితిత్తులలోకి చేరి, అప్పటికి బాగానే ఉన్నా కొన్ని గంటల తర్వాత ప్రాణం మీదకు తెస్తుంది. పాత బోర్డుల టంకంలోని సీసం ఆ కడుగునీటితో మీ పెరటి మట్టిలోకి, బావిలోకి దిగుతుంది. బోర్డులను కాలిస్తే, మంటలు అంటుకోకుండా వాటిలో కలిపిన బ్రోమిన్ రసాయనాల నుంచి డయాక్సిన్లనే విష పదార్థాలు పుడతాయి. ఢిల్లీలోని సీలంపూర్‌లో ఈ పని చేతులతో చేసేవారి బతుకులు చూసినవారెవరూ ఇంట్లో దీనికి పూనుకోరు. దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం రీసైక్లింగ్ చేసేవారు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదై ఉండాలి. కొనేవారిని ఆ నమోదు చూపమని అడగండి, రకాలవారీగా ధర రాసి ఇమ్మనండి.

ప్రశ్న: హార్డ్ డిస్కుల అడుగున ఉండే చిన్న బోర్డును విప్పి అమ్మితే, అందులోని మా ఫైళ్ళు కూడా పోయినట్టేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పోవు. ఫైళ్ళు లోపల ఉండే పళ్ళేల మీద నిక్షిప్తమై ఉంటాయి. అలాంటిదే మరో బోర్డును సరిగా అమర్చి వాటిని చదవగలిగేవారున్నారు. బోర్డును నిశ్చింతగా ర్యామ్‌ల తర్వాతి రకంలో అమ్మండి గాని, డిస్కును పూర్తిగా చెరిపివేసిన తర్వాతనో, పళ్ళేలకు డ్రిల్లుతో రంధ్రాలు వేసిన తర్వాతనో ఇవ్వండి.