మందుకు నిర్విషీకరణమా?

సందేహం: రొట్టెను పొంగించే ఈస్టు కణాలు బ్లియోమైసిన్ అనే క్యాన్సరు మందును 'లోపలికి తీసుకొని నిర్విషీకరిస్తాయి' అని ఒక వ్యాసంలో చదివాను. మందుకు విషమేమిటి? 'నిర్విషీకరణ' సాధువేనా, 'విషహరణ' అనాలా?

సమాధానం: మొదటి ప్రశ్నకు మన వాడుకలోనే జవాబు ఉన్నది. పురుగుమందు, ఎలుకలమందు అన్నప్పుడు మందు అనే మాట చంపే పదార్థాన్నే చెబుతున్నది. 1960లలో జపానులో హమావో ఉమెజావా బృందం స్ట్రెప్టోమైసిస్ వర్టిసిల్లస్ అనే బాక్టీరియా నుంచి వేరుచేసిన బ్లియోమైసిన్, డీఎన్‌ఏ పోగులను తెంపుతుంది కనుక, రోగికి అది మందే అయినా దాన్ని లోపలికి రానిచ్చిన కణానికి విషమే.

'నిర్విషీకరణ' సాధువే. ముందు లేని స్థితిని కలిగించడమనే అర్థంలో సంస్కృతంలో చ్వి ప్రత్యయం వస్తుంది. అప్పుడు 'నిర్విష' శబ్దం చివరి అకారం ఈకారమై, దాని మీద కృ ధాతువు చేరుతుంది. శుద్ధీకరణ, ఏకీకరణ ఇలా పుట్టినవే. 'విషహరణ' కూడా సాధువే కాని, దాని అర్థం విషాన్ని తీసివేయడం.

అసలు చిక్కు రూపసిద్ధిలో లేదు, కర్మలో ఉన్నది. ఏది నిర్విషమైతే అదే నిర్విషీకరణకు కర్మ కావాలి. ఈస్టులోనూ మనలోనూ ఉండే బ్లియోమైసిన్ హైడ్రోలేజ్ అనే ఎంజైము మందు అణువులోని ఒక అమైడ్ సమూహాన్ని ఆమ్లంగా మార్చి దాని శక్తిని పోగొడుతుంది. (ఊపిరితిత్తుల్లో, చర్మంలో ఈ ఎంజైము తక్కువగా ఉండడమే అక్కడ ఆ మందు దుష్ఫలితాలు ఎక్కువ కావడానికి కారణమంటారు.) ఇక్కడ 'మందును నిర్విషీకరిస్తుంది' అనడం అక్షరాలా సరైనది. అయితే ఈస్టు కణం ఆ మందును రిక్తికలోకి, అంటే కణంలోనే సంచిలా ఉండే భాగంలోకి, పోగుచేసి, డీఎన్‌ఏకు దూరంగా ఉంచడం కూడా పరిశోధకులు చూశారు. అప్పుడు మారింది మందు ఉన్న చోటే. శివుడి కంఠంలో గరళం గరళంగానే ఉండిపోయినట్లు, రిక్తికలోని మందు మందుగానే ఉంటుంది. దీన్ని నిర్విషీకరణ అనడం నాకు సమ్మతం కాదు, 'బంధించడం' అంటే చాలు. 'విషహరణ' కణం మందును వెలుపలికి నెట్టివేసే చోట నప్పుతుంది.

మీరు అడగకపోయినా 'తీసుకొని' గురించి ఒక మాట చెప్పాలి. వండుకొను, దాచుకొను అన్నచోట 'కొను' ఆ పని ఫలం కర్తకే చెందుతుందని తెలుపుతుంది. ఈస్టుకు ఈ మందుతో ప్రయోజనమేమీ లేదు. ఎల్-కార్నిటిన్ అనే పోషక పదార్థం కణంలోకి రావడానికి తోడ్పడే ఏజీపీ2 అనే ప్రోటీనే బ్లియోమైసిన్ రాకకూ కావాలి. అది లోపించిన కణాల్లోకి మందు చాలా కొద్దిగానే చేరుతుంది, అవి ఆ మందును తట్టుకొని బతుకుతాయి. కాబట్టి మందునే కర్తను చేయడం మేలు. నేనైతే ఆ వాక్యాన్ని ఇలా రాస్తాను: 'ఏజీపీ2 ఉన్న ఈస్టు కణాల్లోకి బ్లియోమైసిన్ చేరుతుంది, కణం దాన్ని రిక్తికలో బంధిస్తుంది, హైడ్రోలేజ్ దాన్ని నిర్విషీకరించగలదు.'