ఫారంలో లేని కాలమ్

చిన్నీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గేదెల లోన్ల పథకం ఎలా నడిచిందో చూసి చెప్పమని మండలంలోని ఆడవాళ్ల పొదుపు సంఘాల సమాఖ్య వాళ్లు నీకు అప్పగించారట. వినగానే కడుపు నిండిపోయింది. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నేను చేసిన తప్పు నువ్వూ చేస్తావేమోనని టెన్షన్.

పని ఎలా మొదలుపెట్టాలో నీకు తెలుసు. ఏం తెలుసుకోవాలో ముందే సమాఖ్యతో కూర్చుని తేల్చుకో. లోన్ వచ్చినవాళ్లనే కాదు, అడిగినా రానివాళ్లనూ కలువు. మీటింగులు, పొదుపు, లోపలి అప్పులు, వాయిదాలు, పుస్తకాలు... సంఘం పాటించాల్సిన ఈ పంచసూత్రాలన్నీ బాగున్నాయని ఇళ్లు కూడా బాగున్నాయనుకోకు. ఎందుకంటున్నానో చెప్తాను.

2005లో ప్రకాశం జిల్లాలో ఒక మెట్ట మండలం. నేను పనిచేసే సంస్థ గేదెల లోన్ల మీద ఇరవై రోజుల్లో రిపోర్టు అడిగింది. చేతిలో నాలుగు పేజీల ఫారం. లోన్ ఎంత, గేదె ఉందా, పాలు ఎన్ని లీటర్లు, వాయిదాలు కట్టారా. ఒక ఇంట్లో నా ఈడు ఆవిడ చాటలో బియ్యం ఏరుకుంటూ జవాబులు చెప్పింది. గేదె ఏదమ్మా అంటే మేతకు తోలుకెళ్లారంది. వాయిదా ఒక్కటీ తప్పలేదంటూ పాస్‌బుక్ తెచ్చి చూపించింది. చాట మీదికి వంగినప్పుడు చూశాను. చెవులకు కమ్మలు లేవు. బెజ్జాలు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టుకుంది. చూసి కూడా ‘వాయిదాలు పూర్తి’ అని టిక్కు పెట్టి పక్కింటికి వెళ్లిపోయాను. వేపపుల్లలు రాయడానికి ఆ ఫారంలో కాలమ్ లేదు.

వసూళ్లు నూటికి నూరని రిపోర్టు రాశాను. అందరూ మెచ్చుకున్నారు. మరుసటి ఏడు ఆ మండలానికి లోన్ మొత్తం పెంచారు. రెండేళ్లకు వేరే పని మీద వెళ్తే ఆ ఇంటికి తాళం. గేదెను కట్టే గుంజ చుట్టూ గడ్డి మొలిచింది. గేదె మొదటి ఎండాకాలంలోనే వట్టిపోయిందని, మేత కొనలేక అయినకాడికి అమ్మేశారని పక్కింటావిడ చెప్పింది. తను వాయిదా తప్పితే సంఘంలో మిగతావాళ్లకు కొత్త లోన్ రాదని కమ్మలు తాకట్టు పెట్టిందట. ఆ డబ్బులూ అయిపోయాక వారం వారం కట్టే ప్రైవేటు లోన్. చివరికి హైదరాబాద్‌కు వలస. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఇలాంటి ప్రైవేటు లోన్లిచ్చే మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు పేపర్లనిండా ఈ వారం వారం కట్టే లోన్ల సంగతే. నాకు మాత్రం ఆ పుల్లలే కళ్లముందు ఆడాయి.

కాబట్టి తల్లీ, నీ ఫారంలో ఒక్క ప్రశ్న కచ్చితంగా పెట్టు. ‘వాయిదా డబ్బులు ఎక్కణ్నుంచి తెచ్చావమ్మా?’ పాల డబ్బులా, కూలి డబ్బులా, తాకట్టా, ఇంకో అప్పా? అది మొదటిరోజే అడగకు. రెండోసారి వెళ్లినప్పుడు, సంఘం లీడరు పక్కన లేనప్పుడు అడుగు. చెప్పినావిడ పేరు ఎక్కడా బయటపడనివ్వకు. రేపు సంఘంలో ఆవిడ తల దించుకోవాల్సి వస్తే ఆ పాపం మనదే.

రోజుకు ఇరవై ఇళ్లు చేస్తానన్నావట! గుమ్మంలో నిలబడి టాబ్‌లో నొక్కుతూ పోతావా ఏం? ఆరిళ్లు చాలు. కూర్చో. ఆవిడ బియ్యం ఏరుతుంటే నువ్వూ ఒక చెయ్యి వెయ్యి.

రిపోర్టు పైకి పంపేముందు సమాఖ్య మీటింగులో చదివి వినిపించు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీలు మన దగ్గర 2006లో మొదలయ్యాయి. ఇంటింటికీ వెళ్లి మస్టర్లు, అంటే పనికొచ్చినవాళ్ల హాజరు పట్టీలు, సరిచూసి, ప్రజావేదికలో అందరి ముందూ చదివేవాళ్లు. ఒకసారి నేనూ వెళ్లి కూర్చున్నాను. చదువురాని ముసలావిడ లేచి, ‘ఆ వారం నేను పనికే పోలా, నా పేరెట్టా ఎక్కింది?’ అని నిలదీసింది. నా రిపోర్టు కూడా అలా చదివి ఉంటే, వేసవి ముందు గేదెలు ఇవ్వొద్దని, వట్టిపోయిన నెలల్లో వాయిదా ఆపమని, మేతకు కొంత విడిగా ఇమ్మని ఆ ఆడవాళ్లే చెప్పేవాళ్లు. నేను దాన్ని అట్టవేసి ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

మజ్జిగ సీసా లేకుండా బయల్దేరకు. చీకటి పడ్డాక బండి మీద రాకు, ఆ ఊళ్లోనే ఎవరింట్లోనైనా పడుకో. ఫారం రాయగానే నాకు పంపు, అచ్చు వేయించకముందే. ఆ ప్రశ్న ఉందో లేదో చూస్తాను.

మీ పెద్దమ్మ